సుడిదోమ మందుల నెలలో చేపతొట్టి తొందర వద్దు

దసరా దాటినా బరంపురం చుట్టుపక్కల వాన తెరిపి ఇవ్వలేదు. చికిటి, పాత్రపురం, రంగైలుండ పల్లపు మడుల్లో వరి పొట్టమీదుంది. మొదళ్లలో నీరు నిలిచే ఉంది. పగలంతా ఉక్క, తెల్లవారుజామున మంచు. సుడిదోమకు ఇంతకన్నా ఏం కావాలి? ఒడియా రైతులు చకడా పోక అని పిలిచే ఈ దోమ 2017లో ఒడిశా వరి పొలాలను మాడ్చిన తీరు రైతులింకా మరిచిపోలేదు. ఆ భయం సంగతి మందుల కొట్లకు బాగా తెలుసు. ఈసారి అవే కొట్లలో ఇంకో సరుకు కూడా వచ్చి కూర్చుంది: చేపలను, కూరగాయలను ఒకే నీటితో పెంచే ఆక్వాపోనిక్స్ కిట్టు. మందు డబ్బా కొన్న రైతు చేతిలోనే దాని రంగుల కాగితమూ పెడుతున్నారు.

ఈ రెండూ ఒకే నెలలో ఒకే పొలంలోకి వెళ్లకూడదు.

ముందు వరి మాట. దోమ ఉందో లేదో కొట్టువాడు చెప్పలేడు, మడే చెప్పాలి. దుబ్బును కొంచెం వంచి మొదట్లో అరచేత్తో రెండుసార్లు తడితే గోధుమరంగు దోమలు నీటిమీద రాలిపడతాయి, కాస్త పక్కవాటంగా గెంతుతాయి. అలా మడిలో పదిపదిహేను చోట్ల చూసి లెక్కపెట్టుకోవాలి. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనే దశలో 20–25 దోమలు కనబడితేనే మందు మాట ఎత్తాలి. అంతకు తక్కువుంటే, సాలీళ్లు, మిరిడ్ నల్లులు తిరుగుతుంటే, నీరు తీసి మడిని ఆరబెట్టడమే సగం వైద్యం. నాటేటప్పుడు రెండు మీటర్లకొక కాలిబాట వదలనివాళ్లు ఇప్పుడైనా దుబ్బులను పక్కలకు వంచి పాయలు తీస్తే గాలి, వెలుతురు మొదళ్లకు చేరతాయి. యూరియా ఇక వేయొద్దు.

మందు తప్పనిసరైతే ఎకరాకు పైమెట్రోజిన్ 120 గ్రాములో, డైనోటెఫ్యూరాన్ 80 గ్రాములో, రెండిట్లో ఒకటే, 200 లీటర్ల నీటిలో కలిపి మొదళ్లు తడిచేటట్టు కొట్టాలి. ఆకులమీద పడిన మందు దోమకు తగలదు. ఎన్ని ఏళ్లుగా చెప్పినా వినని సంగతి ఒకటుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే సుడిదోమ తగ్గదు, పెరుగుతుంది. దాన్ని తినే సాలీళ్లు ముందు చస్తాయి, మిగిలిన దోమ మరింత గుడ్లు పెడుతుంది. అయినా ప్రతి అక్టోబరులోనూ అవే డబ్బాలు, వాటి పక్కన ఒక టానిక్కు సీసా, ఒక జిగురు సీసా రైతు సంచిలో పడుతూనే ఉన్నాయి. మూడు మందులు కలిపి కొడితే మూడింతలు పనిచేస్తుందని చెప్పే డీలరు ఖర్చు మూడింతలవుతుందని మాత్రం చెప్పడు.

ఇక చేపల మాట ఇక్కడే మొదలవుతుంది. ఆరబెట్టడానికి మడి నుంచి తీసిన నీరు ఎక్కడికి పోతుంది? బోదెలోకి, బోదె నుంచి గెడ్డలోకో చెరువులోకో. సైపర్‌మెత్రిన్ లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములుంటే చాలు, చేప బతకదు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. పక్క మడిలో పవర్ స్ప్రేయరు నడుస్తుంటే గాలివాటున వచ్చిన తుంపర మూత లేని చేపతొట్టిని చంపడానికి సరిపోతుంది. ఊరంతా మందు కొడుతున్న ఈ నెలలో గట్టుమీద చేపతొట్టి పెట్టించేవాడు రైతు మేలు కోరేవాడు కాడు.

రెండో కారణం తుఫాను. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తుఫాను, 2013 అక్టోబరు 12న అదే గోపాలపూర్ దగ్గర వచ్చిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచిన తిత్లీ, మూడూ ఒకే నెలలో వచ్చినవే. ఫైలిన్ తర్వాత బరంపురం పట్టణమే రోజుల తరబడి చీకట్లో ఉంది, పల్లెల గతి వేరే చెప్పాలా? ఆక్వాపోనిక్స్ తొట్టికి నీరు తిప్పే మోటారు, గాలి ఊదే ఏరేటరు ప్రాణం. వెయ్యి లీటర్లలో 20 కిలోల చేప ఉంటే కరెంటు పోయిన గంట, రెండు గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చెరువులో చేపకు అంత ప్రమాదం లేదు, అక్కడ నీరు ఎక్కువ, చేప పలచన.

అసలు ఈ పద్ధతి చెడ్డదా? కాదు. చేప విసర్జించే అమోనియాను నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్‌ను మొక్క పీల్చుకుంటుంది, నీరు శుభ్రపడి తిరిగి చేప దగ్గరకు వెళుతుంది. ఆవిరికి, మొక్క తాగినదానికి కలిపి రోజుకు నూటికి ఒకటి నుంచి మూడు వంతుల నీరు పోస్తే చాలు. వేసవిలో బోర్లు అడుగంటే దిగపహండి మెట్టల్లో ఇది చిన్న మేలేమీ కాదు. చిక్కంతా డీలరు చెప్పే లెక్కలో ఉంది. ఆ కాగితం మీద ఎకరం రాబడి ఉంటుంది, ఎకరానికి ఎంత మేత కావాలో ఉండదు.

ఆ లెక్క ఇక్కడ వేద్దాం. మొదటిసారి పెట్టే రైతు వెయ్యి లీటర్ల తొట్టిలో 20 కిలోలకు మించి చేపను మోయలేడు. ఆ చేప రోజుకు తన బరువులో నూటికి రెండు వంతులు, అంటే 400 గ్రాముల మేత తింటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న ఆక్వాపోనిక్స్ యూనిట్ల మీద వెలువరించిన పుస్తకం ప్రకారం ఆకుకూరల మడి ప్రతి చదరపు మీటరుకూ రోజుకు 40–50 గ్రాముల మేత పడాలి. 400 గ్రాములకు 8 నుంచి 10 చదరపు మీటర్లు. సెంటు అంటే 40 చదరపు మీటర్లు. ఒక తొట్టి పోషించేది పావు సెంటు ఆకుకూరను మాత్రమే. వంగ, టమాటా అయితే అంతకూ తక్కువే.

ఇదే లెక్కన ఎకరం ఆకుకూరకు రోజుకు దాదాపు 180 కిలోల మేత కావాలి. అంత మేత తినడానికి 9 టన్నుల చేప, అంటే వెయ్యి లీటర్ల తొట్లు 450. గంజాం జిల్లాలో ఏ రైతు అన్ని తొట్లకు మోటార్లు తిప్పగలడో డీలరే చెప్పాలి.

"ఎరువు ఖర్చు సున్నా" అనే ఇంకో మాట ఉంది. దాన్నీ తూకం వేయాలి. రోజుకు 400 గ్రాముల చొప్పున నెలకు 12 కిలోల మేత. నూటికి 30 వంతుల మాంసకృత్తులున్న మేతలో నత్రజని సుమారు 575 గ్రాములుంటుంది. అందులో చేప ఒంటికి పట్టేది నాలుగో వంతో, మూడో వంతో. నీటిలో కలిసేది 400 గ్రాముల దరిదాపు. ఇది కిలో యూరియాలో ఉండేదానికన్నా తక్కువ. మేత కిలో 50 రూపాయలనుకున్నా 12 కిలోలకు 600 రూపాయలు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఎరువు కోసమే చేపను పెంచితే ఇల్లు గుల్లవుతుంది. చేప అమ్ముడుపోవాలి, మంచి ధరకు అమ్ముడుపోవాలి, అప్పుడే ఈ తొట్టి నిలబడుతుంది. ఆకుకూర దానికి తోడు రాబడి. ఈ ఒక్క ముక్క ఏ కాగితంలోనూ అచ్చు వేయరు.

ప్రపంచమంతా ఆదర్శంగా చెప్పుకునే నమూనా కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయి దీవిలో ఉండేది. వర్జిన్ ఐలండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకొసీ బృందం ఏళ్ల తరబడి శ్రమించి దాన్ని తీర్చిదిద్దింది. నాలుగు చేపతొట్లలో టిలాపియా, ఏడాదికి 5 టన్నుల దాకా దిగుబడి. దాని మొక్కల విస్తీర్ణం 214 చదరపు మీటర్లు, అంటే అయిదు సెంట్ల పైచిలుకు. విశ్వవిద్యాలయం, శాస్త్రవేత్తలు, రోజువారీ నీటి పరీక్షలు అన్నీ ఉన్నచోట అయిదు సెంట్లు. తొలి ఏడాదే అరెకరం పెట్టించే డీలరును నమ్మడానికి వీల్లేదు.

పొలం నడుపుకుంటున్న రైతుకు ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. ఊరి చెరువో, పొలంలో తవ్వుకున్న కుంటో ఉంటే అందులోని చేపల నీటినే కూరమడికి పెట్టడం. బొచ్చె, రోహు, మోసు కలిపి పెంచిన చెరువులో హెక్టారుకు ఏటా మూడు నుంచి అయిదు టన్నుల చేప వస్తుంది, దాని అడుగు నీరంతా పైరుకు బలం. మోటారు ఫుట్‌వాల్వు పైన తేలుతూ ఉంటే తేటనీరే వస్తుంది. దాన్ని అడుగు బురదకు జానెడు ఎత్తులో నిలబెడితే పైరుకు కావలసిన నీరు వస్తుంది. చెరువులో తగ్గినంత కొత్తనీరు పెడితే చేపకూ మేలే. గట్టుమీద వంగ, బెండ, ఆనప. వేసవిలో నీరు తగ్గాక తీసిన బురద మెట్టచేనుకు. ఇది కిట్టు కాదు కాబట్టి దీనికి రంగుల కాగితం లేదు, చెప్పేవాడూ లేడు.

భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఈ జిల్లా రైతుకు రాత్రి బస్సు దూరంలోనే ఉంది. వేగంగా పెరిగే జయంతి రోహు అక్కడి నుంచి వచ్చిందే. కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ వరిమడి అంచున కందకం, ఒక మూల చిన్న కుంట తవ్వి వరిలోనే చేప పెంచే పద్ధతిని ఏనాడో నిలబెట్టింది. అరుణాచల్‌లోని జీరో లోయలో అపతానీ రైతులు ఎవరూ కిట్టు అమ్మకుండానే తరాలుగా వరిమళ్లలో చేప పెంచుతున్నారు. ఆ మళ్లలో పురుగుమందు పడదు, పడితే చేప ఉండదు. రుషికుల్య ఆయకట్టులో నీరు నాలుగు నెలలు నిలిచే పల్లపు మడి ఉన్న రైతు తొట్టి గురించి కాక, వచ్చే ఖరీఫ్‌కు కందకం గురించి ఆలోచించాలి.

ఇవన్నీ విన్నాక కూడా తొట్టి పెట్టి చూడాలనుకునే రైతులు, ముఖ్యంగా చదువుకుని పొలానికి తిరిగొచ్చిన కుర్రాళ్లు ఉంటారు. వాళ్లను ఆపనక్కర్లేదు. ఒక్క తొట్టి, పావు సెంటు మడి, అంతవరకే. నవంబరు మూడోవారం దాటాక, తుఫాను భయం సద్దుమణిగాక కట్టుకోవాలి. చేపను మాత్రం శివరాత్రి తర్వాతే వదలాలి. చలిలో చేప తినదు, సూక్ష్మజీవులూ మందకొడిగా ఉంటాయి.

మధ్యలో ఉన్న నెలలు వృథా పోవు. చేప లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి నీరు తిప్పుతుంటే అమోనియా లేచి, తర్వాత నైట్రైట్ లేచి, రెండూ దిగిపోయి నైట్రేట్ మిగులుతుంది. వెచ్చని రోజుల్లో నెల నుంచి నలభై రోజులు, చలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. అక్వేరియం షాపుల్లో దొరికే టెస్టు కిట్టు ఒక్కటే ఇక్కడ నిజంగా కొనాల్సిన వస్తువు. "బ్యాక్టీరియా పొడి" డబ్బాలు కొననక్కర్లేదు. జబ్బు లేకుండా నడుస్తున్న మరో తొట్టి నుంచి గుప్పెడు కంకర తెచ్చి వేస్తే ఆ జీవులు వాటంతటవే వస్తాయి. అమోనియా, నైట్రైట్ సున్నాకు దిగకముందే చేప వదిలితే వారం తిరక్కుండా తొట్టి ఖాళీ.

కంకర సంగతిలో తీరప్రాంత రైతులు మోసపోతున్నారు. గవ్వల ముక్కలున్న సముద్రపు ఇసుక, సున్నపురాయి తొట్టిలో పడితే నీటి పీహెచ్ ఎక్కుతుంది. గుప్పెడు కంకర గ్లాసులో వేసి వెనిగర్ పోస్తే బుడగలు రాకూడదు, వస్తే అది పనికిరాదు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమోనియాలో చేపకు విషమయ్యే భాగం దాదాపు పది రెట్లవుతుంది. పైగా ఇనుము మొక్కకు అందదు, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కుతాయి. అది తెగులు కాదు, దానికి తెగులు మందు కొట్టక్కర్లేదు. పీహెచ్ 6.5–7 మధ్య నిలిపి, మూడు వారాలకొకసారి వెయ్యి లీటర్లకు 2 గ్రాముల ఇనుము అందేటట్టు డీటీపీఏ ఐరన్ వేస్తే సరిపోతుంది. 11 శాతం ఇనుమున్న పొడైతే సుమారు 18 గ్రాములు. గోపాలపూర్, సునాపూర్ వైపు బోరు నీరైతే ముందు ఉప్పు పరీక్ష. చేప ఓర్చుకునే ఉప్పును కొత్తిమీర, చిక్కుడు ఓర్చుకోవు.

చేప ఎంపికలో ఇంకా జాగ్రత్త కావాలి. రోహు, బొచ్చె చెరువు చేపలు, తొట్టిలో పెరగవు. టిలాపియా తొట్టికి తగినదే కానీ అనుమతి లేకుండా పెంచరాదు. 2009లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం జిల్లా మత్స్యశాఖ దగ్గర అనుమతి తీసుకుని, గిఫ్ట్ రకం పిల్లను గుర్తింపు ఉన్న చోటే కొనాలి. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం దాన్ని ఉత్పత్తి చేస్తోంది. దేశీ మాగుర్ అని చెప్పి థాయ్ మాగుర్ పిల్లను అంటగట్టేవాళ్లు సంతల్లో తిరుగుతున్నారు. ఆ ఆఫ్రికా జాతిని కేంద్రం 2000లోనే నిషేధించింది. అది గెడ్డల్లోకి జారిందంటే మన చేప మిగలదు.

తొట్టి నడిచాక పురుగు రాదని కాదు. పేను, తెల్లదోమ, ఆకు తినే గొంగళి అన్నీ వస్తాయి. అప్పుడు చేతులు కట్టుకోవాలి, స్ప్రేయరు ముట్టుకోకూడదు. వేపనూనె కూడా, సబ్బునీళ్లు కూడా, నీటిలో పడితే చేపకు హానే. దోమతెర, పసుపు జిగురు అట్టలు, పేనుకు నీటి ధార, గొంగళికి బీటీ పొడి, వీటితోనే నెట్టుకురావాలి. చేపకు జబ్బు చేస్తే వేరే తొట్టిలోకి తీసి వైద్యం చేయాలి. యాంటీబయాటిక్కో, మైలుతుత్తమో నడుస్తున్న నీటిలో పోస్తే ముందు సూక్ష్మజీవులు చచ్చి, ఆ వెనుకే చేపలు పోతాయి. వారానికొకసారి ఒక మొక్కను పైకెత్తి వేళ్లు చూడాలి. తెల్లగా ఉంటే అంతా బాగున్నట్టే. గోధుమరంగు జిగురు పట్టి కుళ్లు వాసన వేస్తే చేపరెట్ట వేళ్లదాకా వస్తోందని అర్థం, మేత తగ్గించి వడపోత శుభ్రం చేయాలి.

సబ్సిడీ వస్తుందన్న మాటకు ఎవరూ ముందే అడ్వాన్సు ఇవ్వొద్దు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో బయోఫ్లాక్, నీరు తిప్పి వాడే తొట్లకు సాధారణ వర్గానికి యూనిట్ ఖర్చులో 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 60 శాతం సాయం ఉంది. కొనాలనుకున్న కిట్టు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మత్స్యశాఖ అధికారి కాగితం మీద రాసివ్వాలి, డీలరు నోటిమాట చెల్లదు. మంజూరు ముందు, కొనుగోలు తర్వాత. నీటి పరీక్షకు, సలహాకు రంగైలుండలో 1981 నుంచి మత్స్య కళాశాల ఉంది, గొళంతరలోనూ భంజనగర్‌లోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. కిట్టు బేరం ఆడే ముందు ఒక సీసా బోరు నీరు పట్టుకుని అక్కడికి వెళ్లాలి.

మిగతా పంటలకు ఈ నెల పెద్దగా చెప్పేదేమీ లేదు. వరికోతకు ముందు మడిలో మినుము, పెసర చల్లేవాళ్లు పల్లాకు తెగులును తట్టుకునే రకాలే తెచ్చుకోవాలి. రబీ వేరుశనగ విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించడం మరవొద్దు. ఆస్కా వైపు చెరకు గాలివానకు పడిపోకుండా జడచుట్లు వేయాలి. మామిడికి నవంబరు నుంచి నీరు ఆపాలి. కొబ్బరి ఆకుల అడుగున సర్పిలాకార తెల్లదోమ కనబడినా మందు కొట్టొద్దు, దాన్ని తినే ఎన్‌కార్సియా పరాన్నజీవి ఆ ఆకుల మీదే ఉంటుంది, నీటి ధారతో కడిగితే చాలు.